పార్క్ డిస్ట్రిక్ట్: విజ్ఞాన సర్వస్వంలో ప్రత్యేక వ్యాసానికి అర్హత

నేపథ్యం

విజ్ఞాన సర్వస్వంలో ఏ విషయానికి చోటు ఇవ్వాలన్నది అచ్చు పుస్తకాల కాలంలో చాలావరకు కాగితమే తేల్చేది. 1768లో ఎడిన్‌బరోలో మొదలైన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా తొలి కూర్పు 3 సంపుటాలు. 2010 నాటి చివరి అచ్చు కూర్పు 32 సంపుటాలు. తెలుగులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్న కొమర్రాజు లక్ష్మణరావు మూడు సంపుటాలు తెచ్చి, పని అసంపూర్తిగా ఉండగానే 1923లో కన్నుమూశారు. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియాకు గాని, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు గాని కాగితం కొరత లేదు. కనుక ఎంపికకు మరో కొలబద్ద అవసరమైంది. ఆంగ్లంలో నోటబిలిటీ అనే ఈ కొలబద్దను తెలుగు వికీపీడియా ‘విషయ ప్రాముఖ్యత’ అంటుంది.

నదులు, రాష్ట్రాలు, ప్రధానమంత్రుల విషయంలో ఈ కొలబద్దను బయటికి తీయాల్సిన పనే పడదు. దాని అసలు పరీక్ష గట్టు మీద నిలబడే విషయాల దగ్గరే. అమెరికాలోని స్థానిక పార్క్ డిస్ట్రిక్ట్ అలాంటి విషయం. అది ప్రభుత్వమే గాని ఊరు కాదు; సంస్థే గాని కంపెనీ కాదు. పాలనాశాస్త్రం, సమాచార శాస్త్రం రెండింటినీ కలిపి పోటీ పరీక్షల్లో అడగదగిన అంశం కనుక అభ్యర్థులు దీన్ని మూలాల నుంచి చదవాలి.

పార్క్ డిస్ట్రిక్ట్: నిర్వచనం

పార్కులు, ఆటస్థలాలు, ఈతకొలనులు, వినోద కార్యక్రమాల నిర్వహణ అనే ఒకే ప్రయోజనం కోసం చట్టం ద్వారా ఏర్పడి, సొంత పాలకమండలి, సొంత సరిహద్దు, సొంత పన్ను విధింపు అధికారం కలిగిన స్థానిక ప్రభుత్వ యూనిట్‌ను పార్క్ డిస్ట్రిక్ట్ అంటారు. అమెరికా జనగణన సంస్థ స్థానిక ప్రభుత్వాలను కౌంటీలు, మునిసిపాలిటీలు, టౌన్‌షిప్‌లు, పాఠశాల డిస్ట్రిక్ట్‌లు, ప్రత్యేక డిస్ట్రిక్ట్‌లు అని అయిదు రకాలుగా వర్గీకరిస్తుంది. పార్క్ డిస్ట్రిక్ట్ చివరి రకంలోకి వస్తుంది. 2017 ప్రభుత్వాల గణన ప్రకారం దేశంలోని 90,075 స్థానిక ప్రభుత్వాల్లో 38,542 ప్రత్యేక డిస్ట్రిక్ట్‌లే. స్థానిక ప్రభుత్వాల సంఖ్యలో ప్రథమ స్థానం ఇల్లినాయిస్ రాష్ట్రానిది: దాదాపు 7,000.

ఇక్కడ అనువాదం తెచ్చే పొరపాటు ఒకటి ఉంది. డిస్ట్రిక్ట్ అనగానే చేతికి వచ్చే మాట జిల్లా. పార్క్ డిస్ట్రిక్ట్‌ను ‘ఉద్యానవనాల జిల్లా’ అని రాస్తే కలెక్టరు, రెవెన్యూ డివిజన్లు, మండలాలు ఉన్న ప్రాంతం కళ్లముందుకొస్తుంది. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే అధికార పరిధి మాత్రమే. ఈ మాటను అనువదించకుండా వాడటమే క్షేమం. అలాగే దీనికి 1916లో ఏర్పడిన జాతీయ పార్కుల సర్వీసుతో సంబంధం లేదు. అది కేంద్ర ప్రభుత్వ విభాగం.

చారిత్రక పరిణామం

1869లో ఇల్లినాయిస్ శాసనసభ షికాగో కోసం దక్షిణ, పశ్చిమ, లింకన్ పార్క్ కమిషన్లను ఏర్పరిచే చట్టాలు చేసింది. దక్షిణ పార్క్ కమిషన్ తన పార్కుల రూపకల్పనను ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌లకు అప్పగించింది. ఆ పార్కుల్లో ఒకటైన జాక్సన్ పార్కులోనే 1893 ప్రపంచ కొలంబియన్ ప్రదర్శన జరిగింది. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధమే అయినా, సభ జరిగింది జాక్సన్ పార్కులో కాదు. నేడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే భవనంలో. ఈ తేడా ఒక మార్కు ప్రశ్నకు బాగా సరిపోతుంది.

అదే 1893లో ‘ప్లెజర్ డ్రైవ్‌వే’ చట్టం వచ్చింది. గుర్రపు బగ్గీల్లో షికారు వెళ్లే సుందర రహదారులు, పార్కుల కోసం డిస్ట్రిక్ట్ ఏర్పాటు చేసుకునే వీలు దీనితో కలిగింది. దీని కింద 1894లో ఏర్పడిన పియోరియా నగరపు యూనిట్ అధికారిక నామం నేటికీ ‘ప్లెజర్ డ్రైవ్‌వే అండ్ పార్క్ డిస్ట్రిక్ట్ ఆఫ్ పియోరియా’. బగ్గీలు పోయాయి, పేరు మిగిలింది. 1895లో పార్క్ డిస్ట్రిక్ట్‌ల ఏర్పాటుకు సాధారణ చట్టం, 1947లో వేర్వేరు శాసనాలను ఒకచోట చేర్చిన పార్క్ డిస్ట్రిక్ట్ కోడ్ వచ్చాయి. 1934లో షికాగోలోని 22 వేర్వేరు పార్క్ డిస్ట్రిక్ట్‌లు విలీనమై షికాగో పార్క్ డిస్ట్రిక్ట్‌గా ఏర్పడ్డాయి.

ఇన్ని యూనిట్లు ఎందుకు పుట్టాయన్నది పరీక్ష దృష్ట్యా ముఖ్యం. 1870 నాటి ఇల్లినాయిస్ రాజ్యాంగం ఒక్కో స్థానిక ప్రభుత్వం చేయగల అప్పును ఆస్తి విలువలో 5 శాతానికి పరిమితం చేసింది. పరిమితి ఒక్కో యూనిట్‌కు విడివిడిగా వర్తిస్తుంది. నగరం అప్పు హద్దు చేరుకుంటే, అదే నేల మీద మరో యూనిట్ ఏర్పరిస్తే దానికి కొత్తగా 5 శాతం దొరుకుతుంది. పార్కుల మీద ప్రేమకు ఈ లెక్క తోడైంది. 1970 రాజ్యాంగం ప్రత్యేక డిస్ట్రిక్ట్‌లను స్థానిక ప్రభుత్వ యూనిట్లుగా స్పష్టంగా గుర్తిస్తూనే, 7వ అధికరణం 8వ సెక్షన్‌లో వాటికి చట్టం ఇచ్చిన అధికారాలు మాత్రమే ఉంటాయని చెప్పింది. పెద్ద నగరాలకు దక్కిన స్వపరిపాలన అధికారం వీటికి లేదు.

నిర్మాణం, ఆర్థిక వనరులు

సాధారణంగా పాలకమండలిలో అయిదుగురు లేదా ఏడుగురు కమిషనర్లు ఉంటారు. వారిని ఓటర్లే ఎన్నుకుంటారు, జీతం ఉండదు. షికాగో ఇందుకు మినహాయింపు: అక్కడి ఏడుగురు కమిషనర్లను మేయరు నియమిస్తారు. ప్రధాన ఆదాయం ఆస్తి పన్ను. ఇంటి యజమానికి వచ్చే పన్ను బిల్లులో పాఠశాలకు, నగరానికి, కౌంటీకి వేర్వేరు పద్దులున్నట్టే పార్క్ డిస్ట్రిక్ట్‌కూ ఒక పద్దు ఉంటుంది. రెండో వనరు ఈత తరగతులు, గోల్ఫ్, పిల్లల శిబిరాల రుసుములు. మూడోది బాండ్లు. ఇల్లినాయిస్‌లో 1991లో మొదలైన ఆస్తి పన్ను పరిమితి చట్టం వర్తించే కౌంటీల్లో ఏటా పన్ను వసూలు పెంపు 5 శాతం లేదా వినియోగ ధరల సూచీ పెరుగుదల, ఏది తక్కువైతే అది దాటకూడదు. అంతకు మించాలంటే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు.

మన వ్యవస్థతో పోలిక

తెలుగు రాష్ట్రాల్లో పార్కుల కోసమే పన్ను వేసే ప్రత్యేక ప్రభుత్వం లేదు. ఆ పని మునిసిపాలిటీలు, నగరాభివృద్ధి సంస్థలు చూస్తాయి. కాని ఒకే ప్రయోజనానికి ఒక సంస్థ, దానికి ఒక సెస్సు అనే ఆలోచన మనకు కొత్త కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థకు ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు చెందాలి. ఇంటి పన్ను రసీదును తిరగేసి చూసిన అభ్యర్థికి పార్క్ డిస్ట్రిక్ట్ పద్దు ఇట్టే అర్థమవుతుంది. తేడా ఎక్కడంటే, గ్రంథాలయ సెస్సును స్థానిక సంస్థలు వసూలు చేసి ఇవ్వాలి. రేటును చట్టం నిర్ణయిస్తుంది. పార్క్ డిస్ట్రిక్ట్ ఏటా ఎంత పన్ను కావాలో చట్టపు హద్దుల్లో తానే తీర్మానిస్తుంది.

ఎన్నికల కోణంలో దగ్గరి పోలిక 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం. ఒకే ప్రయోజనం, నిర్దిష్ట ఆయకట్టు, ఆ ఆయకట్టులోని రైతుల ఓటు. ఈ పోలికను గుర్తుంచుకోవాలి. కింద మళ్లీ పనికొస్తుంది.

విషయ ప్రాముఖ్యత: నిర్వచనం, అంగాలు

ఒక విషయంతో సంబంధం లేని, నమ్మదగిన మూలాల్లో ఆ విషయం గురించి గణనీయమైన కవరేజీ ఉంటే, దానికి ప్రత్యేక వ్యాసం ఉండదగినదని భావించవచ్చు. ఇది ఆంగ్ల వికీపీడియా సాధారణ మార్గదర్శక సారాంశం. ఇందులో ప్రతి మాటకూ బరువుంది. గణనీయమైన కవరేజీ అంటే జాబితాలో పేరు, వార్త చివర ఒక వాక్యం కాదు. విషయాన్ని నేరుగా, వివరంగా చర్చించాలి. నమ్మదగిన మూలం అంటే సంపాదకత్వం, సరిచూసే వ్యవస్థ ఉన్న ప్రచురణ. సంబంధం లేని అంటే ఆ సంస్థ గాని, దాని జీతగాళ్లు గాని రాయనిది. మూలం ద్వితీయ స్థాయిదై ఉండాలి, అంటే పత్రాలను చదివి విశ్లేషించినది కావాలి. చివరి మాట ‘భావించవచ్చు’. ఇది హామీ కాదు. అన్నీ ఉన్నా, విలీనమే మేలని చర్చలో తేలవచ్చు.

విషయ ప్రాముఖ్యత, నిర్ధారత్వం ఒకటి కావు. పార్క్ డిస్ట్రిక్ట్ ఉందని, దానికి ఎన్ని ఎకరాల భూమి ఉందని ప్రభుత్వ పత్రాలతో నిర్ధారించవచ్చు. నిర్ధారణ అయిన ప్రతిదానికీ వ్యాసం ఇస్తే అది విజ్ఞాన సర్వస్వం కాదు, డైరెక్టరీ అవుతుంది. అలాగే ప్రాముఖ్యత అనే మాట విలువను సూచించదు. పిల్లలకు ఈత నేర్పే కొలను ఆ ఊరికి ఎంత ముఖ్యమైనా, ఇక్కడ అడిగే ప్రశ్న ‘దాని గురించి బయటివారు ఎంత రాశారు?’ అన్నదే. తెలుగులో ‘ప్రాముఖ్యత’ అన్న పదం ఈ విషయంలో కొంత తప్పుదారి పట్టిస్తుంది. తమ ఊరి సంస్థకు ప్రాముఖ్యత లేదంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

స్థలమా, సంస్థా?

అసలు తగవు ఇక్కడ మొదలవుతుంది. వికీపీడియాలో సాధారణ మార్గదర్శకంతో పాటు విషయాన్ని బట్టి ప్రత్యేక మార్గదర్శకాలున్నాయి. వాటిలో రెండు పార్క్ డిస్ట్రిక్ట్‌ను చెరోవైపు లాగుతాయి.

మొదటిది భౌగోళిక మార్గదర్శకం. ప్రజలు నివసించే, చట్టం గుర్తించిన స్థలానికి ప్రాముఖ్యత ఉన్నట్టే సాధారణంగా భావిస్తారు, జనాభా ఎంత తక్కువైనా సరే. తెలుగు వికీపీడియాలో రెవెన్యూ గ్రామాలకు వేల సంఖ్యలో వ్యాసాలు ఉండటం వెనుకా ఇదే ఆలోచన ఉంది. పార్క్ డిస్ట్రిక్ట్‌ను సమర్థించేవారి వాదం ఇలా సాగుతుంది: దానికి చట్టబద్ధమైన సరిహద్దు ఉంది, లోపల ప్రజలున్నారు, వారు ఓటు వేస్తారు, పన్ను కడతారు, ఇక లోటేమిటి?

లోటు ఆ మార్గదర్శకంలోనే రాసి ఉంది. జనగణన ట్రాక్టులు, ఆబాదీలు, సాగునీటి డిస్ట్రిక్ట్ పరిధి వంటివి, అంటే జనం ఒక స్థలంగా గుర్తించనివి, ఈ వెసులుబాటు కిందకు రావు. పైన చెప్పిన నీటి వినియోగదారుల సంఘంతో దీన్ని పోల్చితే విషయం తేటపడుతుంది. మీదే ఊరు అని అడిగితే రైతు తన గ్రామం పేరు చెబుతాడు. ఫలానా మేజరు కాలువ కింది సంఘం పరిధిలో ఉంటానని చెప్పడు. షికాగో శివారు నేపర్‌విల్‌లో స్థిరపడిన తెలుగువారు కూడా తమది నేపర్‌విల్ అంటారే తప్ప నేపర్‌విల్ పార్క్ డిస్ట్రిక్ట్ అనరు. చట్టం గుర్తించిన పరిధి వేరు, జనం నోట ఆడే స్థలం వేరు. కనుక భౌగోళిక మార్గదర్శకం పార్క్ డిస్ట్రిక్ట్‌కు దారి చూపదు.

రెండోది సంస్థల మార్గదర్శకం. ప్రచార వ్యాసాల వరదను ఆపడానికి 2018లో దీన్ని బిగించారు. దీని ప్రకారం ప్రతి మూలం విడివిడిగా నాలుగు లక్షణాలనూ, అంటే గణనీయత, స్వతంత్రత, నమ్మదగినతనం, ద్వితీయ స్థాయి, తీర్చాలి. నాలుగు అరకొర మూలాలను కలిపి ఒక పూర్తి మూలంగా లెక్కవేయకూడదు. ప్రేక్షక పరిధి నియమం మరింత కఠినం: కేవలం స్థానిక పత్రికల కవరేజీ చాలదు, కనీసం ఒక ప్రాంతీయ, రాష్ట్ర లేదా జాతీయ స్థాయి మూలం ఉండాలి. కంపెనీల ప్రచారాన్ని దృష్టిలో పెట్టుకుని బిగించిన నియమాన్ని పన్నులతో నడిచే ప్రభుత్వానికి యథాతథంగా వర్తింపజేయడం సముచితమేనా అన్న అభ్యంతరంలో పస లేకపోలేదు. అయితే ఆ అభ్యంతరం నెగ్గినా దొరికేది సాధారణ మార్గదర్శకమే. అదీ స్వతంత్ర మూలాలనే అడుగుతుంది. ఏ దారిన వెళ్లినా చివరికి మూలాల గుమ్మం దగ్గరే ఆగాలి.

మూలాల వర్గీకరణ

పార్క్ డిస్ట్రిక్ట్ మీద వెతికితే కుప్పలుగా దొరికేవి వార్షిక బడ్జెట్, పాలకమండలి సమావేశాల మినిట్స్, ఋతువుకో కార్యక్రమాల పుస్తకం. ఇవన్నీ ప్రాథమిక మూలాలు, పైగా సంస్థ స్వయంగా తెచ్చినవి. వ్యాసంలో ఎకరాలు, స్థాపన సంవత్సరం రాయడానికి పనికొస్తాయి. అర్హత నిరూపణకు పనికిరావు. పత్రికా ప్రకటనను యథాతథంగా అచ్చువేసిన వార్తా అంతే. స్థానిక దినపత్రికలో పన్ను పెంపు మీద వచ్చిన పరిశోధనాత్మక కథనం స్వతంత్రమే, కాని ప్రేక్షక పరిధి దగ్గర తడబడుతుంది. నిజంగా బరువు తూగేవి విశ్వవిద్యాలయ ముద్రణాలయాల పుస్తకాలు, పట్టణ చరిత్ర పరిశోధనలు, ఉన్నత న్యాయస్థానాల తీర్పులపై వ్యాఖ్యానాలు, రాష్ట్ర స్థాయి పత్రికల దీర్ఘ కథనాలు.

ఉదాహరణల విశ్లేషణ

షికాగో పార్క్ డిస్ట్రిక్ట్ విషయంలో సందేహానికి తావు లేదు. 8,800 ఎకరాలకు పైగా భూమి, 600కు మించిన పార్కులు, 1924లో తెరుచుకున్న సోల్జర్ ఫీల్డ్ స్టేడియం యాజమాన్యం దానివి. కాని ఈ అంకెలు అర్హతకు కారణం కావు, సూచనలు మాత్రమే. దాని రాజకీయాలు, నియామకాలు, జాతి వివక్ష ఆరోపణల మీద దశాబ్దాలుగా వచ్చిన పుస్తకాలు, కోర్టు వ్యాజ్యాలు, జాతీయ పత్రికల కథనాలే కారణం. కాలిఫోర్నియాలో 1934లో ఓటర్లు ఆమోదించిన ఈస్ట్ బే ప్రాంతీయ పార్క్ డిస్ట్రిక్ట్ కూడా ఈ కోవలోదే. రెండు కౌంటీల్లో విస్తరించిన దాని చరిత్ర పరిశోధకులకు చాలాకాలంగా తెలిసిన విషయం.

పియోరియా మధ్యస్థం. దాని ఆస్తుల్లో గ్రాండ్ వ్యూ డ్రైవ్ అనే కొండ అంచు రహదారి ఉంది. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని ప్రపంచంలోకెల్లా అందమైన రహదారిగా (‘వరల్డ్స్ మోస్ట్ బ్యూటిఫుల్ డ్రైవ్’) మెచ్చుకున్నాడని ప్రతీతి. ఆ ఆంగ్ల మాటల మొదటి అక్షరాలే స్థానిక రేడియో స్టేషన్ డబ్ల్యూఎంబీడీ పేరయ్యాయి. రహదారి జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టరులోనూ ఉంది. ఇక్కడే అభ్యర్థులు తప్పటడుగు వేస్తారు. రహదారికి ప్రాముఖ్యత ఉన్నంత మాత్రాన దాని యజమానికి ప్రాముఖ్యత సంక్రమించదు. ఆస్తి నుంచి యజమానికి గాని, యజమాని నుంచి ఆస్తికి గాని వారసత్వం లేదన్నది స్థిరపడిన సూత్రం. పియోరియాకు కలిసొచ్చేది 1893 చట్టంతో దానికున్న సంబంధం. ఇల్లినాయిస్ పార్క్ చట్టాల చరిత్ర రాసేవారు దాన్ని దాటి వెళ్లలేరు. ఆ చరిత్రల్లో అది ఎన్ని పేజీలు ఆక్రమిస్తుందన్న దాని మీదే తీర్పు ఆధారపడుతుంది.

1966లో ఏర్పడిన నేపర్‌విల్ పార్క్ డిస్ట్రిక్ట్ సగటు శివారు యూనిట్‌కు మంచి నమూనా. అది నిర్వహించే సెంటెన్నియల్ బీచ్ పాత రాతి క్వారీని ఈతకొలనుగా మార్చి, 1931లో ఊరి శతాబ్ది సందర్భంగా రూపుదిద్దినది. ఆసక్తికరమైన కథే. అయినా ఆ కథ బీచ్‌ది. డిస్ట్రిక్ట్ కంటే 35 ఏళ్లు పెద్దది. ఇలాంటి యూనిట్‌కు రాష్ట్ర స్థాయిలో లోతైన, స్వతంత్ర కథనాలు చూపగలిగితే వ్యాసం. లేకపోతే నగర వ్యాసంలో ‘పార్కులు, వినోదం’ అనే విభాగం, డిస్ట్రిక్ట్ పేరు మీద అక్కడికి దారిమార్పు. ఇదే సరైన జవాబు. నాలుగు వాక్యాల మొలకగా ఏళ్ల తరబడి పడి ఉండటం కంటే, చదువరికి నగర వ్యాసంలో రెండు నిండు పేరాలు దొరకడమే లాభం.

విలీనానికి ఒక చిక్కు ఉంది. పార్క్ డిస్ట్రిక్ట్ సరిహద్దు నగర సరిహద్దుతో సరిపోవాలని లేదు. ఫాక్స్ వ్యాలీ పార్క్ డిస్ట్రిక్ట్ అరోరాతో పాటు నార్త్ అరోరా, మాంట్‌గోమరీ ఊళ్లకూ సేవలందిస్తుంది. అరోరాలోని వేంకటేశ్వరస్వామి ఆలయం వల్ల ఆ ఊరి పేరు తెలుగువారికి సుపరిచితమే. ఇటువంటి బహుళ గ్రామ యూనిట్‌ను ఏ వ్యాసంలో కలపాలి? ఒకదానిలో కలిపితే మిగతా రెండింటికి అన్యాయం. మూడింటిలోనూ రాస్తే పునరుక్తి. విలీనానికి చోటు లేకపోవడం దానికదే అర్హత కాదు గాని, చర్చలో వ్యాసం నిలిపేవైపు మొగ్గు తెచ్చే వాదం అవుతుంది. రాష్ట్రంలోని పార్క్ డిస్ట్రిక్ట్‌ల జాబితా వ్యాసంలో ఒక్కోదానికి ఒక పేరా ఇవ్వడం మధ్యేమార్గం.

నిర్ణయ ప్రక్రియ

అర్హత లేదని తోచిన వ్యాసంపై తొలగింపు ప్రతిపాదన చేసేవారు ముందుగా మూలాల కోసం తామే వెతకాలి. ఆంగ్ల వికీపీడియాలో చర్చ సాధారణంగా 7 రోజులు నడుస్తుంది. స్పష్టత రాకపోతే పొడిగిస్తారు. ఉంచడం, తొలగించడం, విలీనం, దారిమార్పు, చిత్తుప్రతిగా మార్చడం, ఏకాభిప్రాయం లేదని మూసివేయడం అనేవి ఫలితాలు. ఏకాభిప్రాయం లేకపోతే వ్యాసం నిలుస్తుంది. ఇది ఓటింగ్ కాదు. చేతులెత్తినవారి లెక్క కంటే వాదాల బలమే నిర్వాహకులకు ముఖ్యం. 2005 వరకు ఈ వేదిక పేరులోనే ఓట్లు అన్న మాట ఉండేది. ఇది ఓటింగే అన్న అపోహను పోగొట్టేందుకే పేరు మార్చారు. ‘పక్క ఊరి డిస్ట్రిక్ట్‌కు వ్యాసం ఉంది కదా’ అన్న వాదన చర్చలో చెల్లదు, ఎందుకంటే పక్క ఊరిదీ రేపు తొలగింపుకే రావచ్చు. దారిమార్పు చేసినప్పుడు పాత వ్యాసం మార్పుల చరిత్ర భద్రంగా ఉంటుంది. తర్వాత ఎవరైనా మంచి పుస్తకం చూపితే అక్కడి నుంచే పునరుద్ధరించవచ్చు.

ప్రశ్నలో మెలిక

విషయ ప్రాముఖ్యత తాత్కాలికం కాదన్నది ఇంకో సూత్రం. ఒకసారి ఏర్పడితే సంస్థ మూతపడినా పోదు. అందువల్ల ‘ప్రస్తుతం పనిచేస్తున్న పార్క్ డిస్ట్రిక్ట్‌కు వ్యాసం ఉండవచ్చు, రద్దయినదానికి ఉండదు’ అన్న ప్రకటన ఇస్తే తప్పు అని గుర్తించాలి. 1934లో షికాగోలో విలీనమైన 22 యూనిట్లలో దక్షిణ పార్క్ కమిషన్ ఒకటి. అది రద్దయి 90 ఏళ్లు దాటింది. దానికి కమిషనరు లేడు, పన్ను పద్దు లేదు. అయినా ఓమ్‌స్టెడ్ మీద, 1893 ప్రదర్శన మీద వచ్చిన పుస్తకాల్లో దాని మీద అధ్యాయాలే ఉన్నాయి కనుక అది అర్హత పొందుతుంది. ఈ ఏడాది కూడా పన్ను బిల్లు పంపిన శివారు డిస్ట్రిక్ట్ పొందకపోవచ్చు.